వాగువైపు సాళ్ళు

సానరాయి మీద కొడవలిని రెండు పక్కలా నూరి, బొటనవేలితో పదును చూసుకుని చెంచయ్య లేచి నిలబడ్డాడు. పదును బాగానే కుదిరింది. ఈ నూరుడు పత్తికట్టె కొట్టడానికి కాదు, ముస్తాక్ మెడ నరకడానికి.

తర్వాత ఏం చెయ్యాలో కూడా అతను ఆలోచించుకునే ఉన్నాడు. జైల్లో కూర్చునే ఓపిక తనకు లేదు. ముస్తాక్ పడిపోయాక ఆ గట్టు మీదే కూర్చుని, మొలలో దోపుకున్న పురుగుల మందు తాగేస్తే సరి. ఒకే రోజు ఊళ్ళోంచి ఒక పాడె, ఒక జనాజా లేస్తాయి. ఊరు నాలుగు రోజులు చెప్పుకుని మళ్ళీ మిరపచేల పనుల్లో పడిపోతుంది. బుర్ర తిరిగిన మనిషి చావుని కూడా పొలం పనిలాగే వరసగా సర్దుకుంటాడు.

ఇంతకీ ముస్తాక్ చేసిన పాపమేమిటంటారా? పొదిలి అవతల మెట్టలో ఇద్దరి పత్తిచేలకీ నడుమ ఒక్కటే గట్టు. ఈ యేడు వాన ముఖం చాటేసి, చెంచయ్య మొదట వేసిన గింజ మట్టిలోనే మాడింది. మళ్ళీ దున్ని మళ్ళీ విత్తాడు. రెండోసారి మొలిచిన చేను నడుమెత్తు పెరిగి, పూత పట్టి, దారిన పోయేవాళ్ళ కళ్ళు కుట్టేలా నిలబడింది. ఆకు రసం పీల్చే పచ్చదోమ కనబడితే మందు కొట్టాడు. వారం తిరక్కుండా గట్టు పక్క సాళ్ళన్నీ తలలు వాల్చేశాయి. వెడల్పాటి పత్తి ఆకులు గోంగూర ఆకుల్లా సన్నగా చీలి ముడుచుకుపోయాయి. పూత రాలిపోయింది. కలుపు మందు తగిలితేనే పత్తికి ఆ గతి పడుతుందని మెట్టలో అందరికీ తెలుసు. మాడింది గట్టు పక్క, గట్టు అవతల ఉన్నది ముస్తాక్. అంతకు నెల ముందే చెంచయ్య ట్రాక్టరు గట్టుని చెక్కేసిందని తగువొచ్చి, "నీ చేలో పత్తి ఎట్టా పండుద్దో చూస్తారా" అని టీ కొట్టు దగ్గర పదిమందిలో అరిచింది కూడా ముస్తాకే. ఇంకేం కావాలి సాక్ష్యం?

మాడిన సాళ్ళు చూసిన రోజు చెంచయ్య గట్టు మీద కూలబడ్డాడు. చేలోకి దిగలేదు. దిగి చూసే గుండె లేకపోయింది. అక్కణ్ణుంచే లేచి ఇంటికొచ్చి మంచమెక్కాడు. అన్నం లేదు, స్నానం లేదు. ఆ మంచం మీదే ఈ కొడవలి ఆలోచన పుట్టింది.

"యాడికయ్యా, కొడవలి పట్టుకుని?" కోటేశ్వరి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"తప్పుకో."

"ముస్తాకన్న రెండుసార్లు వచ్చాడు. ఏదో చెప్పాలన్నాడు. ఆయన మొహానే తలుపేశావు. ఆ మనిషి చెప్పేది ఒక్కసారి విని..."

చెంచయ్య చెయ్యి ఆమె చెంప మీద పేలింది. కోటేశ్వరి తల గుమ్మానికి కొట్టుకుంది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి జారింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె మీద అతను చెయ్యెత్తడం అదే మొదలు. కొట్టినవాడే బిత్తరపోయాడు. క్షణం ఆగి ఉంటే ఆ సిగ్గుకే కొడవలి కింద పడేసేవాడేమో. ఆగలేదు. ఆ సిగ్గుని కూడా ముస్తాక్ మీదికే తోసి, ఆమెని దాటుకుని వెళ్ళిపోయాడు.

పొద్దు బారెడెక్కింది. ముస్తాక్, అతని భార్య నస్రత్ గట్టు వారన తమ సాళ్ళలో వంగి ఏదో తుంచుతున్నారు. వాళ్ళు తుంచేదేమిటో చూసే స్థితిలో చెంచయ్య లేడు.

ముస్తాక్ తలెత్తాడు. "వచ్చావా? రా, నీతో మాట..."

కొడవలి లేచింది.

మెడకి పెట్టిన వేటు మెడకి తగల్లేదు. ముస్తాక్ చెయ్యి అడ్డం పెట్టాడు. కొడవలి మోచేతి కింద కండలోకి దిగి ఎముక దగ్గర ఆగింది. ఆ అదురు పిడి మీదుగా చెంచయ్య భుజం దాకా పాకింది. ముస్తాక్ పళ్ళు కొరుక్కుని రెండో చేత్తో అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ పత్తిచెట్ల మీద పడ్డారు. కొమ్మలు విరిగాయి, పచ్చికాయలు వీపుల కింద చితికాయి. చెంచయ్య కొడవలి పీక్కుని మళ్ళీ ఎత్తబోతే ముస్తాక్ నుదుటితో అతని ముక్కు మీద పొడిచాడు. దూలం విరిగి నోట్లోకి ఉప్పటి నెత్తురు దిగింది.

"నా చేను చంపావురా! నా నోటికాడ కూడు మట్టి చేశావురా!" చెంచయ్య నెత్తురు ఉమ్ముతూ గుడ్డిగా ఇంకో వేటు వేశాడు. అది ముస్తాక్ చెవి పక్కనుంచి పోయి గట్టులో దిగబడింది.

నస్రత్ గుండెలు బాదుకుంటూ నిలబడే రకం కాదు. పార తిరగేసి పట్టుకుని, కర్రతో చెంచయ్య మోకాలి మడత మీద ఒక్కటిచ్చింది. అతను బోర్లా పడ్డాడు. రెండోది వీపు మీద దిగింది. మూడోది తల మీదకి ఎత్తి, ఎత్తినట్టే ఆగిపోయింది. పడిన ఊపుకి అతని మొలలోంచి డబ్బా ఒకటి జారి మట్టిలో దొర్లింది.

ముగ్గురూ దాన్ని చూశారు. పత్తిచేలోకి పురుగుల మందు రావడం వింతేమీ కాదు. మందు కొట్టే ట్యాంకు లేకుండా, మనిషి మొలలో దాక్కుని వస్తేనే వింత. అలా వచ్చిన డబ్బా ఎందుకొచ్చిందో మెట్టలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నన్ను నరికి, నువ్వు ఇది తాగుదామనుకున్నావా?" అన్నాడు ముస్తాక్.

చెంచయ్య మట్టిలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. "నువ్వే చంపెయ్యరా. రెండుసార్లు విత్తా. రెండుసార్లూ పోయింది. నాకింకేం మిగల్లేదు."

ఈ మాటకి ముస్తాక్ గుండె కరగాలి. కరగలేదు, ఒళ్ళు మండిపోయింది. నస్రత్ కొంగు చించి అతని చేతికి బిగించి కట్టింది. కడుతూ, "అన్నా అని పిలిచిన నోటితో నిన్నేం తిట్టాలో కూడా తెలియట్లా" అంది చెంచయ్యతో. ఆమె ముడి వేసేదాకా ముస్తాక్ ఓపిక పట్టాడు. వేశాక వచ్చి చెంచయ్య డొక్కలో తన్నాడు.

"ఏం మిగల్లేదా? లే. లేరా! ముందు ఇవి చూడు. ఇవి ఎవరి సాళ్ళు?"

జుట్టు పట్టి ముఖం ఎత్తితే అప్పుడు చూశాడు చెంచయ్య. గట్టుకి ఇవతల ముస్తాక్ చేలో కూడా వారన ఉన్న సాళ్ళకి అవే గోంగూరాకులు. వాటిలో సగం తలలు అప్పటికే తుంచి ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలు పొద్దున్నుంచీ చేస్తున్నది ఆ పనే. మాడిన తల తుంచి నీళ్ళిస్తే పక్క కొమ్మలన్నా చిగురిస్తాయని ఆశ.

"నా చేను నేనే చంపుకుంటానంట్రా? గాలికి నీ మందే వచ్చి నా మీద పడింది. ఏ ట్యాంకుతో కొట్టావు నువ్వు?"

చెంచయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. బావమరిది జొన్నచేలో కలుపు మందు కొట్టింది ఆ ట్యాంకుతోనే. కొట్టింది తనే. సబ్బు పొడి వేసి రెండు మూడు సార్లు కడగాలని తెలిసీ, చీకటి పడుతోందని ఒక చెంబుడు నీళ్ళు పోసి, అటూ ఇటూ ఊపి బోర్లించాడు. ఆ తర్వాత అదే ట్యాంకులో దోమ మందు కలుపుకున్నాడు. నీళ్ళ డ్రమ్ము గట్టు దగ్గరే ఉంది గనక మొదటి ట్యాంకు గట్టు పక్కనుంచే మొదలెట్టాడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. గొడ్డలి బదులు కొడవలి, అంతే తేడా.

"ఎందుకు చెప్పలేదురా?" గొణిగాడు.

"రెండుసార్లు వచ్చా. నా మొహానే తలుపేశావు. మూడోసారి రావడానికి నాకు మాత్రం రోషం లేదా? పోలీస్ స్టేషన్‌కి పోదామనుకున్నా. ఆ ఇంట్లో పొయ్యి వెలగట్లేదు, ఇప్పుడు కాదని ఇదిగో, ఇది ఆపింది." నస్రత్ వైపు గడ్డం ఎగరేశాడు. "పద ఇంక. ఇంకో సంగతుంది."

చొక్కా కాలరు పట్టి గట్టు దాటించి చెంచయ్య చేలోకే ఈడ్చాడు. చెంచయ్య మోకాళ్ళ మీద పడ్డాడు. తన్ని లేపాడు. మళ్ళీ పడితే మెడ పట్టి నడిపించాడు. కొమ్మలు కాళ్ళకీ నడుముకీ గీసుకుంటున్నాయి. కట్టు దాటి కారుతున్న నెత్తురు ఆకుల మీద చుక్కలుగా రాలుతోంది. కొంత దూరం దాకా మాడిన సాళ్ళే. తర్వాత ఆకు కొద్దిగా వెడల్పయింది. ఇంకా పోతే తలలో మాత్రమే ముడత, కింద కాయ నిలిచి ఉంది. వాగు దగ్గరపడే సరికి చెట్లు నడుమెత్తున, పచ్చగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. ఇవాళ పూసినవి లేత పసుపుగా, నిన్న పూసినవి గులాబీ రంగు తిరిగి, కొమ్మకొమ్మకీ పూలు. వాగువైపు ఆ చివరిదాకా అంతే.

చెంచయ్యకి అర్థమవడానికి కాసేపు పట్టింది. మళ్ళీ మళ్ళీ నీళ్ళు నింపుకుంటూ వస్తే ట్యాంకులో మిగిలిన విషం దానంతటదే కడుక్కుపోయింది. మొదటి సాళ్ళు తిన్న దెబ్బ చివరి సాళ్ళ దాకా రాలేదు.

"రోజూ గేదెల్ని తోలుకుని వాగుకొస్తా. రోజూ దీన్ని ఇటుపక్కనుంచి చూస్తా" అన్నాడు ముస్తాక్ రొప్పుతూ. "గుమ్మం కాలితే ఇల్లంతా కాలిందని ఎవడన్నా పాడె కట్టుకుంటాడా? లోపలికి ఒక్కసారి అడుగు పెట్టి చూడలేకపోయావా?"

చెంచయ్య ఒక పువ్వుని ముట్టుకున్నాడు. నెత్తుటి వేలి అచ్చు దాని మీద పడింది. పొద్దున్నుంచీ చావాలని తిరిగినవాడికి ఒక్కసారిగా బతకాలనిపించింది. తిన్న దెబ్బలన్నిట్లోకీ అదే గట్టిగా తగిలింది. పెద్దగా ఏడ్చాడు. ఏడుస్తూ తిరిగి చూస్తే ముస్తాక్ ముఖం సున్నంలా తెల్లబడి, కాళ్ళు మడత పడిపోతున్నాయి.

అప్పుడు పట్టుకుంది చెంచయ్యకి అసలు భయం. "ఒరేయ్ ముస్తాకూ! కళ్ళు ముయ్యబాకురా!" అని అతన్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. ముక్కులోంచి నెత్తురు, కళ్ళలోంచి నీళ్ళు, నస్రత్ కర్ర దెబ్బకి కుంటుతున్న కాలు. వచ్చిన దారి ఇంత పొడుగని ఈడ్చుకొచ్చినప్పుడు తెలియలేదు. ఆ బరువు కింద ప్రతి సాలూ తెలిసింది.

రోడ్డు మీద ఊళ్ళోని మాబు ఆటో అప్పుడే వచ్చి ఆగింది. గుమ్మం దెబ్బ నుంచి తేరుకున్న కోటేశ్వరే ఫోన్ చేసి తెచ్చింది. దిగీ దిగకముందే ఆమె కళ్ళు నస్రత్ చేతిలో ఉన్న డబ్బా మీద పడ్డాయి. చెప్పు తీసి, భుజాన ముస్తాక్ ఉన్నాడని కూడా చూడకుండా చెంచయ్యని కొట్టింది. వీపు మీద, చేతుల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. "నన్ను కొట్టావు, సరే. నన్నొదిలేసి పోదామనుకున్నావా? నన్నెవరికి ఇచ్చి పోదామనుకున్నావు?" నస్రత్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "పొయ్యేది మా ఆయన ప్రాణం వదినా, ముందు ఆటో ఎక్కించు" అనేదాకా కోటేశ్వరి ఆగలేదు.

పొదిలి చేరేదాకా చెంచయ్య రెండు చేతులతో ఆ గాయాన్ని నొక్కి పట్టుకునే కూర్చున్నాడు.

ఎముక విరగలేదు. నెత్తురెక్కించి, కుట్లేశారు. దెబ్బెలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే ముస్తాక్ అబద్ధమాడలేదు. "వీడే నరికాడండి" అన్నాడు, ముక్కుకి పట్టీతో గోడకానుకుని ఉన్న చెంచయ్యని చూపించి. కానిస్టేబులు వచ్చి కేసు రాసుకోమంటారా అంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. "పత్తి తీతలయ్యాక చూద్దాం సార్. నాకేమో చెయ్యి లేదు. వీణ్ణి ఇప్పుడు లోపలేస్తే నా సాళ్ళు ఎవడు తుంచుతాడు?" నస్రత్‌కి ఆ మాట నచ్చలేదు. చెంచయ్య ముఖం చూడకుండా అటు తిరిగి కూర్చుంది. చాన్నాళ్ళు అలాగే ఉంది కూడా.

మర్నాడు పొద్దున్నే చెంచయ్య ముస్తాక్ సాళ్ళలో వంగాడు. అవి అయ్యాక గాని తన సాళ్ళ జోలికి రాలేదు. ఆసుపత్రి నుంచి రాగానే ముస్తాక్ మెడకి చెయ్యి కట్టుకుని గట్టు మీద కూర్చుని, "తల తుంచమంటే కొమ్మ విరుస్తున్నావేందిరా, కళ్ళు కూడా పగలగొట్టానా నీకు?" అని తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు చెంచయ్యకి హాయిగా ఉన్నాయి.

చిగుళ్ళు తొంగి చూసేసరికి వాటితోపాటే పచ్చదోమ మళ్ళీ కనబడింది. నీళ్ళ డ్రమ్ము దగ్గర కోటేశ్వరి ట్యాంకు ముందేసుకుని కూర్చుంది. సబ్బు పొడి వేసి రుద్ది, గొట్టం ఊడదీసి కడిగి, వాసన చూసి, మళ్ళీ కడిగింది. చెంచయ్య మొలలోంచి జారిన డబ్బా ఆమె దగ్గరే ఉంది. మూత తీసి, తనే కొలిచి నీళ్ళలో కలిపింది. మిగిలింది మూత బిగించి తన పక్కనే పెట్టుకుంది.

ఆమె పెదవి మీది వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. చెంచయ్య దాన్ని చూడలేక నేల చూశాడు.

"కోటేశ్వరీ, ఆ రోజు నేను..."

"నేను మర్చిపోను. నువ్వూ మర్చిపోబాకు" అంది. ట్యాంకు ఎత్తి అతని వీపుకి తగిలించి, పట్టీలు సర్దింది. "యాణ్ణుంచి మొదలెడతావు?"

చెంచయ్య గట్టు పక్క మాడిన సాళ్ళని చూశాడు. పూలతో ఊగుతున్న చివరి సాళ్ళని చూశాడు.

"వాగువైపు నుంచే. కడిగింది నువ్వు గదా" అని అటే నడిచాడు.