ఎదురొచ్చే మనిషి

"చీర మార్చుకో సాయమ్మక్కా. టైం లేదు" అన్నాడు నవీన్.

సూర్యాపేటలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ తలుపు బయట సాయమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి అక్కడే ఉంది. పక్కన కూతురు అఖిల. నవీన్ చేతిలోని కవర్లో పసుపుపచ్చ పట్టుచీర, ఎర్రగాజులు ఉన్నాయి. అతను ఎమ్మెల్యే భూపతిరావు దగ్గర పీఏ. మామూలు రోజుల్లో సాయమ్మను పేరు పెట్టి కూడా పిలవడు. ఎన్నికలు వస్తే అక్కా అంటాడు.

లోపల సాయమ్మ భర్త ఉప్పలయ్య గొట్టాల మధ్య పడి ఉన్నాడు. మిర్యాలగూడలో భూపతిరావు బావమరిది పేరు మీద ఉన్న రైస్ మిల్లులో అతను హమాలీ. నిన్న లారీకి బియ్యం ఎత్తుతుంటే కప్పుదాకా పేర్చిన బస్తాలు ఒరిగి మీద పడ్డాయి. ఛాతీ ఎముకలు విరిగి ఊపిరితిత్తిలో దిగాయి. మిర్యాలగూడలోనే సర్కారు దవాఖాన ఉంది. అక్కడికి తీసుకుపోతే పోలీసు కేసవుతుందని, మిల్లు వాళ్లు అతన్ని జీపు వెనక పడుకోబెట్టి ఇంత దూరం తెచ్చారు. మిల్లు హాజరులో అతని పేరు లేదు. బస్తాకు ఆరు రూపాయలిచ్చే మనిషికి పేరెందుకని ఎవరూ రాయలేదు.

"పట్నం తీస్కపోవాలన్నడు గద డాక్టరు. తెల్లారంగనే అన్నడు. ఇంకా ఎందుకు తీస్కపోతలేరు?" అని అడిగింది సాయమ్మ.

"సారు మాట్లాడిండు. పట్నంల పెద్దాసుపత్రిల బెడ్డు రెడీ. అంబులెన్సు కింద నిలవడ్డది, సూస్తివి గద. నువ్వొచ్చి గా బిందెతోటి ఎదురొచ్చినవనుకో, సారు కారు కదుల్తది, గీడ అంబులెన్సు కదుల్తది."

"ముందు దాన్ని పంపుండ్రి. నేను బస్సుకన్న వస్త. మాట తప్పుతనా?"

"నువ్వు తప్పవక్కా. దారిల ఆయనకేమన్న అయితే?" నవీన్ గొంతు తగ్గించాడు. "అప్పుడు నువ్వెట్ల ఎదురొస్తవ్?"

అఖిల తలెత్తి చూసింది. ఆ పిల్ల కోదాడలో డిగ్రీ చదువుతోంది.

"అంటే మా నాయిన్ని మీ నామినేషన్ దాక గీడ ఆపుతున్నరా?" అంది.

"నువ్వాగు పాపా. పెద్దోళ్లు మాట్లాడుతున్నం."

"మీది ఊరేగింపు. మాది పాణం."

"అందుకే చెప్తున్న. సారు లెటర్ లేకుంటే పట్నంల మీకు వరండల కూడ జాగ ఇయ్యరు."

సాయమ్మ కూతురి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. లేచింది. ఆడవాళ్ల బాత్రూములో పట్టుచీర చుట్టుకుంది. ఐసీయూ తలుపు అద్దంలోంచి ఉప్పలయ్యను చూద్దామంటే పచ్చతెర అడ్డంగా ఉంది. కాళ్లు మాత్రం కనిపించాయి. మడమల పగుళ్లలో మిల్లు తవుడు ఇంకా అట్లాగే ఉంది. ఆసుపత్రి ఆయమ్మ తుడవలేదు.

కిందికి దిగేటప్పుడు అంబులెన్సు డ్రైవరు సీటు వెనక్కి వాల్చి పల్లీలు తింటున్నాడు.

*

భూపతిరావు మొదటిసారి సర్పంచికి నిలబడిన ఏడు సాయమ్మ ఆ ఊరికి కొత్తగా కాపురానికి వచ్చింది. మునగాల దాటి లోపలికి పోతే ఆ ఊరు. అతను నామినేషన్ పర్చా వెయ్యడానికి జీపులో బయలుదేరినప్పుడు, మాదిగవాడ మలుపు దగ్గర బోరింగు నుంచి నిండు బిందెతో ఆమె ఎదురైంది. భయపడి పక్కకు తప్పుకుంది. అతను గెలిచాడు.

ఎమ్మెల్యేకు నిలబడినప్పుడు ఆమెను పిలిపించాడు. "వాడపిల్ల ఎదురేందిరా, మన ఇండ్లల్ల ముత్తయిదువలు లేరా?" అని అతని తల్లి గొణిగింది. అయినా గెలిచాడు. తల్లి గొణుగుడు ఆగింది. ఆ తరువాతి ఎన్నికప్పుడు సాయమ్మ కాన్పుకు తల్లిగారింట్లో ఉంది. భూపతిరావు మేనత్త కూతురు వెండి బిందెతో ఎదురొచ్చింది. ఓడిపోయాడు. ఓటర్లు అతన్ని ఎందుకు ఓడించారో అందరికీ తెలుసు. చెరువు మట్టి అమ్ముకున్నాడు, పింఛన్లు తన వాళ్లకే రాయించాడు. కానీ అతను మాత్రం సాయమ్మ లేకపోవడం వల్లే ఓడానని నమ్మాడు. అట్లా నమ్మడం సుఖం.

అప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ కారు పంపాడు. ప్రతిసారీ గెలిచాడు. గెలిచాక ఒకసారి పార్టీ మారాడు, మళ్లీ మారాడు. ఇప్పుడు అతని కారు మీద మూడో జెండా. కోదాడలో ఇంజనీరింగు కాలేజీ, హైవే మీద పెట్రోలు బంకు, మిర్యాలగూడలో మిల్లు, అన్నీ ఈ నడుమ లేచినవే. సాయమ్మకు ప్రతిసారీ ఒక చీర వచ్చింది. ఇల్లు ఇస్తానన్న మాట కూడా ప్రతిసారీ వచ్చింది. ఆమె ఇప్పటికీ సిమెంటు రేకుల కిందే ఉంటోంది.

అన్నేళ్లలో ఆ బిందెలోని నీళ్లు భూపతిరావు ఒక్క గుక్క తాగలేదు.

*

మలుపు దగ్గర షామియానా వేశారు. డీజే బండి, డప్పులు, నెత్తిమీద తిరిగే డ్రోను. పాత బోరింగుకు కొత్తగా నీలం రంగు పూశారు. దాని పిడి విరిగిపోయి ఏళ్లయింది. నల్లా నీళ్లు మూడు రోజుల నుంచి రావడం లేదు. అందుకని మునగాల నుంచి తెచ్చిన నీళ్ల క్యాను వంచి బిందె నింపుతున్నారు.

"సాయమ్మా, ఈసారి మినరల్ వాటర్! మెజారిటీ పెరుగుతది ఇగ!" అన్నాడెవడో. అందరూ నవ్వారు.

వాడకట్టు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి కాళ్లకు పసుపు రాశారు, గాజులు తొడిగారు. పక్కింటి జ్యోతి బొట్టు పెడుతూ చెవిలో అడిగింది.

"అన్నకెట్లుందే?"

"ఊపిరాడుతుందంట. నేను ఎదురొస్తెనే పట్నం తోలిస్తరంట."

"థూ, ఈళ్ల బతుకులు పాడుగాను." జ్యోతి కళ్లు తుడుచుకుంది. "ఏడ్వకు. పని కానీ. ఆయనకు రాతుంటే లేస్తడు."

"అఖిలకు జర ఫోన్ చెయ్యవే. నాది నవీన్ సారు తీస్కున్నడు. నడుమల మోగొద్దంట."

జ్యోతి చేసింది. ఎంగేజ్ వచ్చింది. మళ్లీ చేసింది. ఈలోగా పూజారి ముహూర్తం దగ్గర పడిందని అరిచాడు. సాయమ్మ బిందె ఎత్తుకుని మలుపులో నిలబడింది. దూరంగా భూపతిరావు గడీ గేటు ముందు కార్లు వరసకట్టాయి. ముందు తెల్లకారులో, పైకప్పు తెరుచుకొని, భూపతిరావు చేతులు జోడిస్తూ నిలబడ్డాడు.

జ్యోతి చేతిలో ఫోను మోగింది. ఆమె విని, ఫోనును సాయమ్మ చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా." అవతల అఖిల. "నాయిన లేడే. పొద్దుగాలనే పోయిండంట. నువ్వు కారెక్కినంక జరసేపటికే. నన్ను లోపటికి రానియ్యలే. ఇంజక్షన్ ఇచ్చినం, పండుకున్నడని చెప్పుకుంట వచ్చిన్రు. ఇప్పుడు ఆయమ్మ ఆగలేక చెప్పింది. నామినేషన్ అయ్యేదాక ఎవ్వలికీ చెప్పొద్దని ఫోనొచ్చిందంటనే అమ్మా…"

డప్పులు ఒక్కసారిగా లేచాయి. సాయమ్మకు ఆ తరువాత ఏమీ వినపడలేదు. బిందె ఆమె నడుము మీద అట్లాగే ఉంది. బరువు కూడా తెలియలేదు.

నవీన్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె ముఖం చూశాడు. జ్యోతి చేతిలోని ఫోను చూశాడు. అడగలేదు.

"అక్కా, రెండు నిమిషాలు. గంతే" అన్నాడు పళ్లమధ్య నుంచి. "ఎవ్వలికి తెల్వదు. నీ బొట్టు నీకుంది, నీ గాజులు నీకున్నయి. ఎదురొచ్చి పక్కకుపో. పిల్లకు నౌకరీ, నీకు ఇల్లు. నా జిమ్మేదారి. సారు నోటితోటి చెప్పిస్త."

"నీకెప్పుడు తెల్సు?"

"అదికాదక్కా…"

"కార్ల నా పక్కకే కూసున్నవు గద. నాకు నీళ్ల బాటిల్ ఇచ్చినవు. అప్పటికి తెల్సా?"

నవీన్ కారు వైపు చూశాడు. కార్లు కదిలాయి.

"తెల్సా సారూ?"

"దారిల ఫోనొచ్చింది" అన్నాడు నవీన్. "అప్పుడు చెప్తే మాత్రం మనిషి వాపసు వస్తడా?"

అప్పటిదాకా బిగపట్టుకున్న జ్యోతి గుండె పగిలేట్టు అరిచింది. "ఉప్పలన్న సచ్చిపోయిండు! పొద్దుగాలనే సచ్చిపోయిండంట! శవాన్ని దాసిపెట్టి దీన్ని సింగారించిన్రు!"

మాట నోటినుంచి నోటికి పాకింది. ముందు డప్పులు ఆగాయి. తరువాత డీజే ఆగింది. సాయమ్మ కాళ్లకు పసుపు రాసిన ఆడవాళ్లే రెండడుగులు వెనక్కి వేశారు. వాళ్లలో ఒకామె తన బిడ్డను కొంగుచాటుకు లాక్కుంది. పూజారి చేతిలోని పళ్లెం కిందపెట్టి, "తప్పియ్యుండ్రి! ఆమెను తొవ్వల నుంచి తప్పియ్యుండ్రి! సారు సూడకముందే" అని అరిచాడు.

నవీన్‌కు కూడా అక్క మాట మాయమైంది.

"ఓ సాయమ్మా, పక్కకు జరుగు. నిన్నే. జరుగు!"

భూపతిరావు భార్య పోయి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో అతను పెళ్లిళ్లకు ముందు కుర్చీలో కూర్చున్నాడు, బడులకు రిబ్బన్లు కత్తిరించాడు, పసిపిల్లలకు పేర్లు పెట్టాడు. అతను ఎదురైతే ఊళ్లో ఎవరూ తొవ్వ మార్చుకోలేదు.

కారు సగం దూరం వచ్చింది. ఎవరో అతని చెవిలో చెప్పారు. జోడించిన చేతులు విడిపోయాయి. అతను గభాలున లోపలికి కూర్చుని పైకప్పు మూయించాడు. కారు ఆగింది. వెనకకు పోదామంటే వెనక కార్లు, వాటి వెనక ట్రాక్టర్లు, ట్రాక్టర్ల నిండా కూలికి తెచ్చిన జనం. మలుపు ఇరుకు. ఆ రోడ్డును వెడల్పు చేయిస్తానని మూడు మేనిఫెస్టోల్లో రాశాడు.

సాయమ్మ ఏడవలేదు. తన నడుము మీది బిందెను ఒకసారి సర్దుకుంది. పొద్దున ఆసుపత్రిలో తనే మొగుణ్ని వదిలి వచ్చింది. అతను బతుకుతాడని వచ్చింది. ఆఖరు ఊపిరి తీసేటప్పుడు అతని పక్కన పచ్చతెర తప్ప ఎవరూ లేరు. తాను అప్పుడు నవీన్ పక్కన కారులో ఉంది, ఆ తరువాత ఇక్కడ నీళ్ల కోసం, ముహూర్తం కోసం నిలబడింది.

ఇద్దరు కార్యకర్తలు ఆమె దగ్గరదాకా వచ్చారు. పట్టి లాగడానికి చేతులు చాచి ఆగిపోయారు. అప్పుడే మొగుడు పోయిన ఆడదాన్ని పొద్దున్నే ముట్టుకోవడానికి వాళ్లకు ధైర్యం చాలలేదు.

"సాయమ్మా, దండం పెడ్త. పో" అన్నాడు నవీన్. "నీ ఇంటికి పో."

"పొద్దటిసంది ఎదురు రా, ఎదురు రా అని పాణం తీస్తివి" అంది సాయమ్మ. గొంతు పెద్దగా లేదు. అయినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "నేను గదే మనిషిని. బిందె గదే. నీళ్లు మీరే పోస్తిరి. ఇగ పో అంటే పోతననుకున్నవా?"

ఆమె అడుగు వేసింది.

నవీన్ అడ్డం వచ్చాడు. ఆమె ఆగలేదు. మీదికి వచ్చేసరికి అతనే తప్పుకున్నాడు. జనం రోడ్డుకు రెండు వైపులా ఒదిగి నిలబడ్డారు. తెల్లకారు డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి, కొట్టాలో వద్దో తెలియక యజమాని వైపు తిరిగాడు. నల్లద్దం వెనక భూపతిరావు ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు.

బిందె అంచుమీద నీళ్లు తొణికి ఆమె నడుము దగ్గర చీర తడుస్తోంది. ఆమె చూసుకోలేదు. కారుకు సూటిగా, రోడ్డు నడిమధ్యన నడుస్తూనే ఉంది.