చిల్లుల డ్రమ్ము, ఎండల పువ్వు

నేను ఒక స్టీలు డ్రమ్మును. బట్టలుతికే మెషిన్ కడుపులో గిర్రున తిరుగుతుందే, అదే. ఒంటినిండా చిల్లులున్నవాళ్లు తమ కథ చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. నాకు ఆ మొహమాటం లేదు. ఈ చిల్లులు నాకు పుట్టుకతో వచ్చినవి. నాకు దొరికిన రెండు ఉద్యోగాలూ వీటి పుణ్యమే.

ఎక్కడో కార్ఖానాలో ఒక రేకును చుట్టి, తూట్లు పొడిచి, నున్నగా రుద్ది నన్ను తయారుచేశారు. లోకం ఎలా ఉందో చూద్దామనుకునేలోపే పెట్టెలో బిగించి మూత వేశారు. కరీంనగర్‌లో ఒక పెద్ద కుటుంబానికి చేరాను. ఆ ఇంట్లో ఎవరి ముఖమూ నాకు సరిగ్గా తెలియదు గానీ అందరి జేబులూ తెలుసు. బస్సు టికెట్లు, పెళ్లి అక్షింతలు, సగం చప్పరించి దాచుకున్న చాక్లెట్టు, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్లు. జేబులు చూసుకోకుండా వేసేది వాళ్లు, చొక్కా పాడైతే తిట్లు తినేది నేను. అన్నేళ్లు తిరిగిన తిరుగుడంతా దారిన నడిచి ఉంటే ఎన్నిసార్లు కాశీకి పోయి వచ్చేదాన్నో. తిరిగీ తిరిగీ ఆ గుమ్మం కూడా దాటలేదు.

ఒకరోజు మోటారు కాలిపోయింది. నన్ను పాతసామాన్ల దుకాణం ముందు పడేశారు. అక్కడే మొదటిసారి ఆకాశం చూశాను. కరిగించే ముందు ఒకసారి చూపిస్తారు కాబోలు అనుకున్నాను.

అప్పుడు బాలమణి వచ్చింది. నన్ను ఎత్తి, ఎండకు ఎదురుగా పట్టుకుని, చిల్లుల్లోంచి పడే వెలుతురును తన చీర మీద చూసుకుని మురిసిపోయింది. వెనకే ఆమె భర్త రాజేశం నిలబడి ఉన్నాడు. ఆయన బస్సు డ్రైవరు.

"మంచియన్ని ఇంట్ల పాడువెట్టి, పాడైనయన్ని ఇంటికి తెస్తవేందే?" అన్నాడు.

"దీనికి చిల్లులు కొట్టే పనిలేదయ్యా. నీళ్లు నిల్వవు, ఏర్లు కుళ్లవు. పట్టుకో," అంది బాలమణి.

ఆయన తిట్టుకుంటూనే నన్ను భుజాన వేసుకున్నాడు. ఆ ఇంటి సామానంతా అలాగే వచ్చిందని తర్వాత తెలిసింది.

మిద్దె మీదికి చేరిన ఆ ఉదయాన్ని నేను ఎన్నటికీ మరువలేను. సబ్బు నురగ తప్ప మరో అందం ఎరగని నాకు ఆ రంగులను ఎలా చూడాలో కూడా తెలియలేదు. నడివేసవి. ఊరంతా ఎండకు మాడిపోతోంది. ఇక్కడ మాత్రం పాత రంగుల డబ్బాల్లో ఆ రంగులకన్నా ముదురుగా మందారాలు. పగిలిన నీళ్ల ట్యాంకును అడ్డంగా కోస్తే ఒక సగంలో మల్లె, ఇంకో సగంలో కాకర తీగ. చేపలు వచ్చిన తెల్ల థర్మాకోల్ పెట్టెల్లో పుంటికూర, బచ్చలి. పాత కూలరు తొట్టెలో గంగవాయిలు కూర. చేతులు కడుక్కునే నెర్రెలిచ్చిన బేసినులో నాచుపూలు. గులాబీ, పసుపు, నారింజ, తెలుపు రంగుల పూలన్నీ ఎండ ఎక్కే కొద్దీ రెప్పలు విప్పుతున్నాయి. పిట్టగోడ పొడవునా కాగితం పూలు. ఎవరికీ అక్కర్లేని వస్తువులన్నీ ఒకచోట చేరి ఇంత వైభోగం వెలగబెడుతున్నాయా అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. అసలు నాది ఎప్పుడూ తెరిచి ఉండే నోరే అనుకోండి.

అంత తోటనూ ఒక్కసారి కూడా చూడని మనిషి ఒకరు ఆ ఇంట్లోనే ఉన్నారు. రాజేశం తల్లి, లస్మవ్వ. మోకాళ్ల నొప్పులేమీ లేవు, సంతకు నడిచిపోయి నడిచి వచ్చేది. మెట్ల దగ్గర కూర్చుని కూరగాయలు తరిగేది గానీ ఆ మెట్లు ఎక్కేది కాదు.

"ఒక్కపారి మీదికొచ్చి సూడరాదు అత్తమ్మా," అని బాలమణి బతిమాలేది.

"డబ్బల పెరిగేది చెట్టా బిడ్డా? చెట్టంటే భూమిల ఉండాలె," అని కింది నుంచి జవాబు వచ్చేది.

ఆమె భూమి నీళ్లలో ఉంది. డ్యాము కట్టినప్పుడు వాళ్ల ఊరు మునిగింది. ఊరు ఖాళీ చేసిన రోజు అందరూ తలుపులు, దూలాలు, దేవుడి పటాలు బండ్లకెక్కిస్తుంటే లస్మవ్వ మాత్రం నీళ్ల గోలెం పక్కన తవ్వి ఒక గడ్డను తీసి కొంగున ముడివేసుకుందట. ఏడాది పొడుగునా మట్టిలో పడుకుని, ఎండలు ముదిరాక పైకి లేచి ఒకే ఒక్క పువ్వు పూసే గడ్డ అది. ఎర్రటి దారాలతో కట్టిన బంతిలా ఉంటుంది. మే పువ్వు అని కొందరంటారు, వాళ్లింట్లో మాత్రం ఎండల పువ్వు. టౌనుకు వచ్చాక ఆ ముడి విప్పి, "పెట్టు నీ డబ్బల," అని కోడలి చేతిలో పెట్టింది.

బాలమణి దాన్ని నాలో పెట్టింది. ఎందరో ఉండగా నన్నే ఎందుకు ఎంచుకుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గర్వపడ్డాను.

ప్రతి వేసవిలో అది పూసిన పొద్దున బాలమణి మెట్ల దాకా పరుగెత్తి, "పూసింది అత్తమ్మా!" అని అరిచేది.

"ఎర్రగనేనా?"

"ఎర్రగనే."

అంతే. లస్మవ్వ తృప్తిగా గొంతు సవరించుకుని మళ్లీ కత్తిపీట ముందుకు జరుపుకునేది. పైకి మాత్రం రాదు. దాన్ని ఈ డబ్బాలో చూసిందంటే ఊరు నిజంగానే పోయిందని ఒప్పుకున్నట్టే. ఆ భయం నాకు అర్థమైంది. మెషిన్ నుంచి విడదీసిన రోజు నేనూ నా పాత పెట్టె వైపు చూడలేదు.

ఈ ఏడాది తోటలో వేరుపురుగు పడింది. దానికి బాలమణి దగ్గర ఒకటే మందు, రోహిణి కార్తె ఎండ. డబ్బాల్లో మట్టినంతా గుమ్మరించి మిద్దె మీద ఆరబోస్తుంది, పురుగు మాడిపోతుంది. నన్నూ బోర్లించింది. ఎండల గడ్డను మాత్రం పసిపిల్లను దించినట్టు దించి, మట్టి దులిపి, కాగితం పరిచి పిట్టగోడ నీడన పెట్టింది. ఆ పక్కనే రాజేశం ఏడాదికి సరిపడా ఉల్లిగడ్డలు తెచ్చి పట్టా మీద ఎండబోశాడు.

సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. మబ్బు కమ్మింది. టౌనులో మిద్దెలన్నిటి మీదా మనుషులు ఒడియాలకీ బట్టలకీ పరుగులు. బాలమణి తీగలకు దడి కడుతోంది. రాజేశం ఉల్లిగడ్డలను బుట్టల్లోకి తోస్తున్నాడు. గాలికి కాగితం ఎగిరింది. గడ్డ దొర్లింది. పట్టా అంచున ఆగిన ఆ గడ్డను రాజేశం చటుక్కున అందుకుని, "ఒక్కటి తప్పిపోతుండె," అని సంబరంగా బుట్టలో వేశాడు.

అది ఉల్లిగడ్డ కాదయ్యా అని అరవాలనిపించింది. నిలువెల్లా నోరు ఉండి ఏం లాభం? చినుకులు నా మీద పడి డబడబలాడాయి. ఆ చప్పుడు ఎవరికీ భాషగా వినిపించలేదు.

మర్నాడు బాలమణి మిద్దెంతా వెతికింది. ఆరబోసిన మట్టిని వేళ్లతో జల్లించింది. కుండీల సందుల్లో చీపురు పెట్టి లాగింది. తర్వాత నా పక్కన కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. "కోతి ఎత్కపోయిందో ఏమో. ఆమె ఊరు నా చేతులకెల్లే పాయె," అంది.

రాజేశానికీ బాధ కలిగింది. తన చేతి పని అని పాపం ఆయనకు తెలియదు. "నర్సరీల దొరుకుతది. తెచ్చి పెడితే అయిపాయె. అవ్వ మీదికొచ్చి సూసేదా?" అన్నాడు.

"ఆమె సూడదు. నేను సూస్త గద," అంది బాలమణి.

ఆ మాటతో ఆమె మీద నాకున్న గౌరవం రెట్టింపైంది. కానీ నా గుబులు వేరు. పొద్దున్నే కింద కత్తిపీట చప్పుడు వినిపిస్తే చాలు, నా రేకు జలదరించేది. ఆ బుట్టలోంచి గడ్డలు తీసి కోసేది లస్మవ్వే. తన ఊరిని తానే రెండు ముక్కలు చేస్తుందేమో. పైగా ఆ గడ్డ తినేది కాదు, కూరలో పడితే ఇంటిల్లిపాదికీ ముప్పే.

"బాలమణీ, ఎండల పువ్వు లేసిందా?" అని రోజూ కింది నుంచి ప్రశ్న.

"ఇంక లెవ్వలేదత్తమ్మా," అని పైనుంచి జవాబు. ప్రతిరోజూ ఆ జవాబు కొంచెం చిన్నదైపోతూ వచ్చింది.

చివరికి ఒక పొద్దున బాలమణి నీళ్ల పైపు కింద పడేసింది. ఇక దాచలేను, చెప్పేస్తాను అనుకున్నట్టు కళ్లు తుడుచుకుని మెట్ల వైపు నడిచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

మెట్ల మీద ఎవరో వస్తున్నారు. ముందు తెల్లటి జుట్టు కనిపించింది. తర్వాత రెండు చేతులతో గుండెకు హత్తుకున్న ఉల్లిగడ్డల బుట్ట. ఆ బుట్టలో, ఎండు పొట్టు మధ్య నుంచి, పచ్చటి కాడ మీద నిగనిగలాడుతూ ఎర్రటి బంతి.

నేను ఎన్నో రంగుల బట్టలు ఉతికాను. అంత ఎరుపు ఎన్నడూ చూడలేదు.

"చీకట్ల, మూలకు, గడ్డల కింద పడి ఉన్నది బిడ్డా," అంది లస్మవ్వ. "ఉల్లిగడ్డ అనుకోని చెయ్యి పెడితే పువ్వు తాకింది. మన్ను లేదు, నీళ్లు లేవు. భూమి లేకున్నా పూసింది సూడే!"

బాలమణి అత్తను పట్టుకుని బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. లస్మవ్వ ఆమె వీపు నిమిరి, కోడలి భుజం మీదుగా తల ఎత్తి చూసింది. అప్పుడు తోట కనిపించింది ఆమెకు.

ఆ పొద్దుటి నడక నా బతుకులో నేను చూసిన పండుగ. బుట్టను చంకనెత్తుకునే లస్మవ్వ ఒక్కో డబ్బా దగ్గరా ఆగింది. పుంటికూర ఆకు తుంచి నమిలింది. మల్లె మీద వంగి కళ్లు మూసుకుంది. బేసిను నిండా విచ్చుకున్న నాచుపూలను చూసి, "ముఖం కడిగే దాంట్ల ఇంత ముస్తాబా!" అని బుగ్గలు నొక్కుకుంది. కాకర తీగ కింద నిలబడి, "మన గోలెం కాడ గిట్లనే ఉండె," అంది. ఊరి పేరు ఎత్తితే ఏడుస్తుందనుకున్నాం గానీ ఆమె ఏడవలేదు. పందిరికి ఇంకో కర్ర కట్టమని చెప్పింది.

చివరికి నా దగ్గరికి వచ్చింది. చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. "దీంట్లనేనా ఇన్నేండ్లు ఉన్నది?" అని అడిగి, కొంగు దోపుకుని కూర్చుంది. ఎండకు కాగి శుభ్రమైన మట్టిని దోసిళ్లతో నాలో నింపింది. గడ్డను దించి, కాడ చుట్టూ మెల్లగా అదిమింది. ఆ అరచేతుల వెచ్చదనం నా రేకు దాకా వచ్చింది. ఏళ్ల తరబడి మనుషుల మురికి మోశాను, ఒక మనిషి ఊరిని మోసే భాగ్యం మాత్రం ఆ క్షణాన నాకు తెలిసివచ్చింది. ఇక తిరగవలసిన పని లేదు. ఉన్నచోటే ఉంటాను.

కింద బస్సు డ్యూటీ దిగి వచ్చిన రాజేశం చెప్పులు విడుస్తూ, "అవ్వా! ఏడున్నవే?" అని కేక వేశాడు. ఇల్లు ఖాళీగా ఉండటం చూసి కంగారుపడ్డాడు.

"ఈడున్న. పువ్వు పూసింది," అంది లస్మవ్వ.

"ఎర్రగనేనా?"

లస్మవ్వ పువ్వు వైపు చూసింది. తోట వైపు చూసింది.

"మీదికొచ్చి సూసుకో," అంది.