బల్ల మీద చప్పుడు

మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఎవరికీ లేదు. భోజనాల బల్ల మీద వేళ్ల కణుపులతో టకటకమనిపిస్తే చాలు, నేను లేస్తాను. మెల్లగా కొడితే నీళ్లు, గట్టిగా కొడితే కూర. మామగారి నుంచి మా ఆయనకు ఆస్తితోపాటు వచ్చిన అలవాటది. మామగారు పోయారు, చప్పుడు మిగిలింది. "గొంతు చించుకుని అరవడం కంటే ఇది మర్యాద కదా" అంటారు ఆయన. కాబోలు అనుకుని, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా ఇన్నేళ్లూ లేచాను. నాకంటే ముందు అత్తయ్య లేచేది.

పెళ్లితో అటకెక్కిన జర్మన్ భాషని, కూతురు హాస్టల్‌కి వెళ్లాక కిందికి దించాను. యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరతానంటే మా ఆయన నవ్వారు. "నేర్చుకుని ఎవరితో మాట్లాడతావ్, పాలవాడితోనా?" అన్నారు. చుట్టాలతో మాత్రం "ఖాళీగా ఉంటే బుర్ర పాడవుతుందని నేనే చేర్పించా" అని చెప్పుకున్నారు. పొద్దున్నే వంట, ఆయన చొక్కాల ఇస్త్రీ, అత్తయ్య మోకాళ్లకు కాపడం, బస్సు పట్టుకుని క్లాసు, మళ్లీ వచ్చి వంట. ఇందులో నేను ఖాళీగా ఎప్పుడున్నానో ఆయన్నే అడగాలి. అడిగితే కోపమని ఊరుకున్నాను.

రాతపరీక్షలంటే నాకు దిగులు లేదు. నోరు విప్పడమే గండం. ఒకరోజు మా ప్రొఫెసరమ్మ నన్ను ఆపి, "మీరు వాక్యం చక్కగా మొదలుపెడతారు. సగంలో ఆగి తలుపు వైపు చూస్తారు. ఎవరొస్తారని?" అని అడిగింది. ఇంట్లో నా మాట ఏనాడైనా చివరిదాకా వెళ్లి ఉంటే కదా. ఈసారి జర్మనీ యూనివర్సిటీ నుంచి పరీక్షకుడిగా వచ్చే పెద్దాయన ముందు సెమినార్‌లో మాట్లాడాలి. ఆయన సరేనంటేనే చివరి ఏడాది సిద్ధాంత వ్యాసం రాయనిస్తారు, లేదంటే నా చదువు అక్కడితో సరి. మా ఆయనకు చెబితే, "పోతే పోయిందిలే, ఇంటిపట్టున ఉంటావ్" అన్నారు, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

పాత జర్మన్ నవలల్లో పనిమనుషుల గురించి మాట్లాడదామనుకున్నాను. పేజీలో గంట మోగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, ఒకామె కాఫీ పెట్టి వెళ్లిపోతుంది. మిగతా వాళ్లందరూ పేజీలకు పేజీలు మాట్లాడతారు. ఆమెకు ఒక్క ముక్క కూడా ఉండదు. ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగి ఉంటే, ఒట్టేసి తెలియదనే చెప్పేదాన్ని.

వంటింట్లో కూరగాయలు తరుగుతూ పైకి వల్లించుకునేదాన్ని. ఒకనాడు అత్తయ్య మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ స్టవ్వుకేం అర్థమవుతుందే పిల్లా, నాకు చెప్పు" అంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అర్థమయ్యిందా అని అడిగితే చెయ్యి తిప్పేసింది. "ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ నువ్వింతసేపు మాట్లాడ్డం ఇదే వినడం." అప్పట్నుంచి రోజూ ఆ వేళకు స్టూలు మీద సిద్ధంగా ఉండేది. తడబడితే, "నిన్న ఇక్కడ ఆగలేదే" అని పట్టేసుకునేది.

సెమినార్ రోజు పెద్దాయన మొదటి వరసలో కూర్చున్నాడు, పక్కన ప్రొఫెసరమ్మ, వెనకాల నా కూతురి ఈడు పిల్లలు. మాట్లాడుతుంటే తలుపు వైపు చూపు పోబోయింది. స్టూలు మీద అత్తయ్యను తలుచుకుని ఆపుకున్నాను. చివరి వాక్యం దాకా వెళ్లాను. థాంక్స్ చెప్పి కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు పెద్దాయన బల్ల మీద వేళ్ల కణుపులతో కొట్టాడు. వెంటనే గదంతా టకటకలాడింది. "ఆఁ, వస్తున్నా" అంటూ లేచాను, అదీ తెలుగులో. చేతికందిన నీళ్ల సీసా పట్టుకుని గబగబా వెళ్లి పెద్దాయన ముందు పెట్టాను. పెట్టాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "వాళ్ల యూనివర్సిటీల్లో చప్పట్లు కొట్టరండీ, ఇలా కొడతారు. ఇది మీకే. వెళ్లి కూర్చోండి" అంది. ఆ ఆనవాయితీ గురించి నేనెప్పుడో చదివాను కూడా. చదివింది బుర్రలో ఉంది, లేవడం కాళ్లలో ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చున్నాక ఇంకోసారి కొట్టారు, ఇంకాస్త గట్టిగా. ఈసారి ఏడుపొచ్చింది. వ్యాసం రాయమని పెద్దాయన సంతకం పెట్టేశాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకు అంతా చెప్పాను. నీళ్ల సీసా సంగతికి పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నేనైనా అంతే చేసేదాన్నే" అంది. తరవాత చాలాసేపు తన వేళ్ల వైపే చూసుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. "నాకు వ్యాసం రాసే అవకాశం వచ్చింది. వచ్చే ఏడాదంతా వారంలో నాలుగు రోజులు లైబ్రరీలో ఉండాలి, అందుకని వంట..." అంటున్నాను. బల్ల టకటకమంది. మా ఆయన గ్లాసు ఖాళీగా ఉంది. జగ్గు ఆయన మోచేతి దగ్గరే ఉంది. అత్తయ్య అలవాటు కొద్దీ లేవబోయింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"జగ్గు మీ పక్కనే ఉందండీ. నా మాట ఇంకా అవలేదు" అన్నాను.

ఆయన నా వైపు చూశారు, తల్లి వైపు చూశారు. నేను ఆపలేదు. ఆ నాలుగు రోజులూ సాయంత్రం వంట ఆయనదేననీ, కాపడం ఆయనే పెట్టాలనీ, వ్యాసం అయ్యాక కూడా చదువు ఆపననీ చెప్పాను. చివరిదాకా వెళ్లాను. కాసేపటికి ఆయనే జగ్గు అందుకుని నీళ్లు వంచుకున్నారు.

పక్క నుంచి టక్, టక్‌మని మెల్లగా వినిపించింది. అత్తయ్య తలొంచుకుని అన్నం కలుపుకుంటూనే, ఎడమచేతి కణుపులతో బల్ల మీద కొడుతోంది.

నేను లేవలేదు.