పన్నెండు దోసెలు, నలుగురు మనుషులు

సరుకులు తెచ్చిన గోధుమరంగు కాగితం సంచిని చంద్రిక వంటింటి గట్టు మీద పరిచి, అతికిన అంచుల వెంట కత్తెరతో విడదీసింది. కొట్టు పేరున్న వైపు లోపలికి పోయేలా తిప్పి కొత్త నోటుపుస్తకానికి అట్ట వేసింది. మూలలు నాలుగూ మడిచి గోటితో గట్టిగా నొక్కింది. పుస్తకానికి అట్ట వేసి పదేళ్లయింది, అయినా చేతులు మరిచిపోలేదు. ఇక్కడ అమెరికాలో, ఈ షాంటిలీ ఊళ్లో ఎవరి పిల్లల పుస్తకాలకీ అట్టలుండవని ఆమెకు తెలుసు. తెలిసే వేసింది.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి స్కూల్లో టీచరుతో మీటింగు. రెండో తరగతి చదువుతున్న కూతురు దేదీప్యని వచ్చే ఏడాది చురుకైన పిల్లలకి విడిగా ఉండే గిఫ్టెడ్ క్లాసులో వేయాలంటే పరీక్ష ఒక్కటే చాలదట. ఈ ఏడాది లెక్కల పుస్తకం చూసి టీచరు తన మాట కూడా రాయాలట. పుస్తకం ఇంటికి పంపాం, చూసి మీటింగుకి తీసుకురండి అని ఈమెయిల్ వచ్చింది. ఆమె భర్త చక్రధర్ ఆ ఈమెయిల్‌ని ఫోన్‌లో చూపించి, "ఇది నీ డిపార్ట్‌మెంట్. టీచర్‌గా చేశానంటావుగా, చూసుకో" అని ల్యాప్‌టాప్ ముందుకి వెళ్లిపోయాడు.

చంద్రిక ఆ పుస్తకం తెరిచి చూసి గుండె పట్టుకుంది. పేజీ నిండా కొట్టివేతలు, బాణాలు, పిచ్చి బొమ్మలు. ఒకచోట లెక్క సగంలో ఆపేసి, నాకింకా అర్థం కాలేదు అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ స్కూల్లో రబ్బరు వాడనివ్వరు. తప్పు రాస్తే దాని మీద ఒక గీత గీసి, కింద మళ్లీ మొదలుపెట్టాలి. ఆమె చదివిన బడిలో కొట్టివేత కనిపిస్తే అర మార్కు పోయేది. అందుకే ప్రతి పిల్లకీ రెండు పుస్తకాలుండేవి. రఫ్ నోట్సు ఒకటి, ఫెయిర్ నోట్సు ఒకటి. రఫ్‌లో ఏం గిలికినా ఎవరికీ పట్టదు, ఏడాది చివర అది పొట్లాల కొట్టుకి పోతుంది. ఫెయిర్ నోట్సుకి అట్ట, ఎర్ర మార్జిను, అందమైన దస్తూరీ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూసేది దాన్నే. ఆరేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా, పెద్దవాళ్ల ముందు పెట్టేది ఫెయిర్ నోట్సే అన్న సంగతి ఆమె ఒంట్లోంచి పోలేదు.

మూడు రోజులు కూర్చోబెట్టింది పిల్లని. స్కూలు నుంచి వచ్చి పాలు తాగగానే డైనింగ్ టేబుల్ దగ్గర పాత పుస్తకం, కొత్త పుస్తకం, స్కేలు. తప్పున్న చోట చంద్రిక ఎర్ర పెన్నుతో చుట్టేది, దేదీప్య ఒప్పు జవాబు కొత్త పుస్తకంలో ఎక్కించేది. పాతది రఫ్, ఇది ఫెయిర్, ఇందులో బొమ్మలొద్దు, బాణాలొద్దు, కథలొద్దు అనేది. మధ్యలో ఒక పేజీ వచ్చింది. మీ ఇంట్లో ఉండేవేవైనా పన్నెండు తీసుకుని మీ ఇంట్లోవాళ్లకి సమానంగా పంచండి అన్న లెక్క అది. దేదీప్య దోసెలు గీసింది. పన్నెండు దోసెలు, మూడు ప్లేట్లు, ఒక్కో ప్లేట్లో నాలుగేసి. ఇంట్లో ఉన్నది నలుగురు. అమ్మ, నాన్న, ఆర్నెల్లుండి పోదామని వచ్చిన నానమ్మ దమయంతమ్మ, పిల్ల. చంద్రిక ఆ నాలుగు అంకెని చుట్టేసి, ఒక ప్లేటు మర్చిపోయావు, మూడు రాయి అంది. పిల్ల తలెత్తి, "కానీ అమ్మా, అది…" అని ఏదో చెప్పబోయింది.

"జవాబు రాయమ్మా. టైమవుతోంది."

దేదీప్య మూడు అని రాసింది.

కాపీ పూర్తయ్యాక పాత పుస్తకాన్ని చంద్రిక కాగితాలు పారేసే నీలం డబ్బాలో వేసింది. రెండూ ఇంట్లో ఉంటే ఈ పిల్ల బ్యాగులో పాతది పెట్టుకుపోతుందని భయం. మంగళవారం పొద్దున్నే బండి వచ్చి డబ్బా ఖాళీ చేసుకుపోయింది. ఆ రోజే ఆమె కొత్తదానికి అట్ట వేసి, లేబులు అంటించి, కుదురైన అక్షరాలతో దేదీప్య పేరు రాసింది. చాలా రోజుల తరవాత తనకి తెలిసిన పని ఒకటి చేసినట్టనిపించింది.

ఆమెకి ఆ పని నిజంగానే తెలుసు. డీఎడ్ చదివింది. ఖమ్మం దగ్గర ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో మూడేళ్లు విద్యా వాలంటీరుగా చేసింది. ఒకటి నుంచి ఐదు దాకా అరవై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. డీఎడ్‌లో శిశుకేంద్రిత విద్య అని ఒక పాఠం ఉండేది. పిల్ల తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకడమే బోధన అని అందులో ఉంది. ఆ వాక్యాన్ని ఆమె పొద్దున్నే లేచి బట్టీపట్టింది. పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా రాసి ఇరవైకి పదిహేడు తెచ్చుకుంది. బళ్లో చేరిన కొత్తలో చింతపిక్కలు తెచ్చి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి భాగహారం చెప్పింది కూడా. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గుమ్మంలోనే నిలబడి, పిక్కలాటలు ఇంటి దగ్గర ఆడించుకోండమ్మా, నోట్సులు చూపించండి అన్నాడు. ఆ సాయంత్రం ఆమె చింతపిక్కల్ని మూటగట్టి బీరువా మీద పెట్టేసింది. తరవాత పెళ్లి కుదిరింది. వీసా కాగితాల్లో వృత్తి అన్నచోట చక్రధర్ తనే 'హౌస్‌వైఫ్' అని నింపి, వాలంటీరు ఉద్యోగమూ ఒక ఉద్యోగమేనా అని నవ్వాడు.

చక్రధర్‌కి చదువు గురించి వేరే లెక్కలున్నాయి. తెల్లవారి ఐదింటికి లేపి కూర్చోబెట్టే హాస్టల్ కాలేజీలో చదివి ర్యాంకు తెచ్చుకున్నాడు, ఆ ర్యాంకే తనని ఇక్కడి దాకా తెచ్చిందంటాడు. ఇక్కడి స్కూళ్లలో పిల్లలతో ఆడుకుంటారు, చదువు మనమే చెప్పుకోవాలి అంటాడు. చెప్పాల్సింది చంద్రిక. పిల్లకి మంచి స్కోరు వస్తే, మా వైపు అందరూ లెక్కల్లో గట్టి అంటాడు. తగ్గితే, పొద్దస్తమానం ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావ్ అంటాడు.

మీటింగు గదిలో కుర్చీలు పిల్లలవి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా టీచరుతో సహా ముగ్గురూ కూర్చున్నారు. దేదీప్య పక్కనే బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంటోంది. టీచరు మిస్ హాలోవే, నెరిసిన పొట్టి జుట్టావిడ, అట్ట వేసిన పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. ఎంత శ్రద్ధగా చేశారో అంది. పేజీలు తిప్పింది. వెనక్కి తిప్పింది. అసలు పుస్తకం ఏదని మెల్లగా అడిగింది.

చంద్రిక ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటుంటే చక్రధర్ అందుకున్నాడు. దేదీప్య వాళ్లమ్మ పల్లెటూరి బళ్లో చదువుకుంది, అక్కడంతా దస్తూరీ మీదే నడుస్తుంది, ఏమీ అనుకోవద్దు అన్నాడు నవ్వుతూ. మిస్ హాలోవే నవ్వలేదు. జవాబులన్నీ ఒప్పే, ఎలా వచ్చాయో మాత్రం ఒక్కచోటా లేదు, ఇక నేను దేని గురించి రాయను అంది. పారేశానని చంద్రిక ఒక్క మాటలో చెప్పింది. ఆ మాట అన్నాక గదిలో దేదీప్య పెన్సిలు చప్పుడు ఆగిపోయింది.

టీచరు సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అదొక్కటే తన దగ్గర మిగిలిందంది. నచ్చి కాపీ తీసి రెండు వారాలు క్లాసు గోడకి పెట్టిందట. పన్నెండు దోసెలు, మూడు ప్లేట్లు. చంద్రిక ఆ పేజీని ఇంతకుముందు చూసింది, ఎర్ర పెన్నుతో చుట్టింది. ఇప్పుడు చూస్తే కాగితం మూలన ఒక చిన్న స్టవ్ ఉంది. దాని ముందు జడ వేసుకున్న మనిషి, వీపు ఇటువైపు. కింద వంకర అక్షరాల్లో రెండు వాక్యాలు. ఆమె వాటిని నెమ్మదిగా, కూడబలుక్కుని చదివింది. అమ్మ తర్వాత తింటుంది. కాబట్టి నిజానికి మేం ముగ్గురమే.

మీ అమ్మని మర్చిపోయావని క్లాసులో పిల్లలు నవ్వారట. దేదీప్య లేచి నిలబడి, మర్చిపోలేదు, మా ఇంట్లో ఇలాగే పంచుతారు అని చెప్పిందట. ఈ ఏడాది ఇంత జాగ్రత్తగా ఆలోచించిన జవాబు నేను చూడలేదు అంది మిస్ హాలోవే. చక్రధర్ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చూసి, కానీ లెక్క ప్రకారం తప్పే కదా అన్నాడు. టీచరు చంద్రిక వైపు తిరిగింది. పిల్లల్ని ఎంచే కమిటీకి ఇలాంటివి కనీసం ఆరు పేజీలు పంపాలి, ఒక్కదానితో కాదు, వచ్చే ఏడాది మళ్లీ చూద్దాం అంది. దేదీప్యకి ఒక కొత్త పుస్తకం, అట్ట లేనిది, ఇచ్చి ఆ లెక్కతోనే మళ్లీ మొదలుపెట్టమంది.

కారు సిగ్నల్ దగ్గర ఆగగానే చక్రధర్ మొదలుపెట్టాడు.

"పరువు తీసింది నీ కూతురు. నీకేదో మేం తిండి పెట్టనట్టు. నిన్నెవరన్నా తినొద్దన్నారా?"

ఎవరూ అనలేదు. అది నిజమే. దోసె వేడి మీద ఉండాలన్నారు, అంతే. పెనం మీదున్న దోసె మాడుతుంది చూడు అన్నారు. ఇంకొకటి వెయ్యి అన్నారు. మేం తినేస్తే నువ్వు నింపాదిగా తిందువుగాని అని దమయంతమ్మ ప్రేమగానే అనేది. ఆ నింపాది వచ్చేసరికి గిన్నె అడుగున పిండి ఒక చిన్న దోసెకో, రెంటికో మిగిలేది. ఒక్కోసారి అదీ వేసుకోబుద్ధి కాక, స్టవ్ దగ్గరే నిలబడి పిల్ల వదిలేసిన ముక్క నోట్లో వేసుకునేది. పదేళ్ల నుంచి అలా. ఎవరూ చూడలేదనుకుంది. తను కూడా చూడలేదు. ఏడేళ్ల పిల్ల చూసి, లెక్క కట్టి, కాగితం మీద పెట్టింది. తను దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టి, తప్పు అని చెప్పి, మూడు రాయించి, రాసిన పుస్తకాన్ని చెత్త బండికిచ్చింది.

"ఆ పుస్తకం పారేయడమేంటి అసలు? మూడేళ్లు చదువు చెప్పానంటావ్, ఆమాత్రం తెలీదా?" అన్నాడు చక్రధర్. చంద్రిక అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది. దేదీప్య కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది, నిద్రపోలేదు.

ఇంటికి రాగానే చంద్రిక వెళ్లి నీలం డబ్బా మూత తెరిచి చూసింది. అందులో ఏమీ లేదని తెలుసు. అయినా చెయ్యి అడుగు దాకా పెట్టి చూసింది.

రాత్రి భోజనానికి ముందు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నీ పుస్తకం పారేయడం నా తప్పు, నువ్వు చెప్పబోతే విన్లేదు అంది. ఇట్స్ ఓకే అమ్మా అంది దేదీప్య, ముఖం చూడకుండా. ఆ రోజు నుంచి పిల్లకి ఒక కొత్త అలవాటైంది. ఏ కాగితం ముందు పెట్టినా పెన్సిలు ఎత్తి పట్టుకుని, "అమ్మా, ఇది రఫ్ఫా, ఫెయిరా?" అని అడుగుతుంది. రాయడం మొదలుపెట్టదు. చంద్రిక ఎన్నిసార్లు రెండూ ఒకటే, రాయి అన్నా, పిల్ల ఒక్క క్షణం ఆగి అంచనా వేసుకుంటుంది, ఎదుటివాళ్లకి ఏది కావాలో అని. చంద్రిక ఇన్నాళ్లూ చేసిందీ అదే. కూతురికి మూడు రోజుల్లో నేర్పేసింది.

శనివారం పొద్దున దోసెలు. పెనం మీద పిండి తిప్పుతూ చంద్రిక, టేబుల్ దగ్గర చక్రధర్, దమయంతమ్మ, దేదీప్య. నాలుగో కుర్చీ మీద ఎప్పటిలాగే మడతపెట్టిన బట్టల దొంతర. దేదీప్య తింటూనే పక్కన కొత్త పుస్తకం తెరుచుకుంది. మొదటి లెక్క అదే. ఆ పిల్ల నాలుగు ప్లేట్లు గీసింది. మూడు మూడు చొప్పున పన్నెండు సున్నాలు చుట్టింది. తరవాత పెన్సిలు గడ్డానికి ఆనించుకుని స్టవ్ వైపు చూసింది.

"అమ్మా, నీ ప్లేట్‌లో త్రీ వేశాను. ఇది రియల్‌గానా, ఆన్సర్ కోసమా?"

దమయంతమ్మ ముక్క తుంచబోయి ఆగింది. చక్రధర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఖాళీ ప్లేటు ముందుకి చాపి, "ఇంకొకటి వెయ్యి" అన్నాడు.

చంద్రిక పెనం మీదున్న దోసెని తీసి ప్లేట్లో పెట్టుకుంది. స్టవ్ ఆర్పేసింది. నాలుగో కుర్చీ మీది బట్టలు రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టి, కూర్చుంది.