తాడు వదలని అల్లుడు

మా అల్లుడు మంగలి. కత్తెర ఆగినా నోరు ఆగదు. ఒకరోజు సరస్సుకు వెళ్తే, కాళ్లకు చెక్కలు బిగించుకుని, పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారతానన్నాడు. పడవ నడిపే అతను లైఫ్ జాకెట్ తొడిగి, "పడిపోతే వెంటనే తాడు వదిలేయండి సార్. బాగానే ఉంటే చెయ్యెత్తండి" అని చెబుతుంటే, ఈయన నాకు ఒంటికాలి మీద ఎలా జారబోతున్నాడో వివరిస్తున్నాడు.

నేను, అమ్మాయి పడవెక్కాం. అమ్మాయి వెనక్కి తిరిగి మొగుడి మీదే కన్నేసి కూర్చుంది. పడవ ఊపందుకుంది. అల్లుడు లేచాడు, నవ్వాడు, బోర్లా పడ్డాడు. తాడు మాత్రం వదల్లేదు. సరస్సును దున్నుకుంటూ మా వెనకే వస్తున్నాడు. కేకేద్దామని నోరు తెరిచినప్పుడల్లా బిందెడు నీళ్లు లోపలికి పోతున్నాయి. ఆ పూట సరస్సు జానెడు తగ్గిందంటే మీరు నమ్మాలి.

"ఆపండి, ఆయన వదలరు" అంది అమ్మాయి. ఇంజను ఆగింది.

పైకి లాగాక, దగ్గుతూనే అన్నాడు అల్లుడు: "నేను పట్టుకోబట్టి సరిపోయింది మామయ్యా. వదిలేసుంటే మీ పడవ ఎటు పోయేదో."

"పడవ సంగతి నడిపే ఆయన చూసుకుంటారు. ఇక్కడ నా పై ప్రాణాలు పైనే పోయాయి. పడితే వదులుతానంటేనే మళ్లీ దిగండి, లేకపోతే ఇంటికి పదండి" అంది అమ్మాయి.

రెండోసారి పడగానే బుద్ధిగా తాడు వదిలి, చెయ్యెత్తి, బెండులా తేలాడు. మేం పడవ తిప్పుకుని వెళ్లేసరికి, తానెంత అందంగా పడ్డాడో ఒక బాతుకు చెబుతున్నాడు. పాపం, మధ్యలో వెళ్లిపోవడానికి దానికి మొహమాటం.