మనిషి గలీబు

ఆఫీసులో అందరం కలిసి కొండ ఎక్కబోతున్నామని మేనేజరు గారు ప్రకటించే నాటికి నేనింకా పర్మినెంటు కాలేదు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ కుర్చీ నాదో కాదో కొండ దిగాక వచ్చే సోమవారం తేలుతుంది. అందుకని కొండయినా నుయ్యయినా నాకొకటే. దూకమంటే దూకేవాణ్ణే.

"రాత్రి పైనే పడుకుంటాం. ఎవరి ఇల్లు వాళ్ళే మోసుకురావాలి," అంటూ ఆయన బల్ల మీద ఒక చిన్న మూట పెట్టారు. "దీన్ని బివీ అంటారు. పడుకునే సంచి మీద తొడుక్కునే వాన సంచి. జిప్ లాగితే ముక్కు ఒక్కటే బయట ఉంటుంది. మంచినీళ్ళ సీసా అంత బరువు. టెంటు కూడా తెచ్చుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. గోడలు లేకపోతే నిద్రపట్టనివాళ్ళూ ఉంటారు కదా!"

అభ్యంతరం లేదని ఆయన అన్న తీరుకే అందరం బివీకి తలూపేశాం. క్యాషియరమ్మ ఒక్కరే, "నేను టెంటే తెచ్చుకుంటాను సార్. పడుకుని జడ వేసుకోవడం నాకు చేతకాదు," అన్నారు. ఆవిడ పర్మినెంటయి చాలా ఏళ్ళయింది.

నేను చదువుకున్నవాణ్ణి కనక చదివాను. బివీ తేలిక, గాలికి ఎగిరిపోదు, మనిషి పట్టేంత చోటుంటే చాలు. టెంటు ఇంకో కిలో బరువు, కానీ అందులో లేచి కూర్చోవచ్చు, బట్టలు మార్చుకోవచ్చు, సామాను తడవదు. ఆకాశం తేటగా ఉంటే బివీ, వాన వచ్చేలా ఉంటే టెంటు. ఆ వారం వాన వచ్చేలానే ఉంది. సందేహానికి తావే లేదు. వెళ్ళి బివీ అద్దెకు తెచ్చాను.

మా అమ్మ దిండ్లకూ పరుపులకూ గలీబులు కుడుతుంది. నేను తెచ్చినదాన్ని తిరగేసి బోర్లేసి చూసింది.

"ఇది గలీబు కదరా!"

"బివీ అమ్మా."

"పేరేదయితేనేం, గలీబు గలీబే. ఇందులో దూర్చే దిండేదీ?"

"నేనే."

అక్క పడీపడీ నవ్వింది. "పోన్లే అమ్మా, ఇన్నాళ్ళకి వీడు తల కింద పెట్టుకోవడానికన్నా పనికొచ్చాడు!"

మధ్యాహ్నం గచ్చు మీద పడుకుని సంచిలో దూరి చూశాను. నాన్న జిప్ లాగారు. కాసేపటికి నా ఊపిరే చుక్కలై నా మొహం మీద పడసాగింది.

"ఎలా ఉందిరా?" అని నాన్న జిప్ కాస్త దించి చూశారు.

"బాగానే ఉంది నాన్నా."

"బాగుంటే ఏడుస్తున్నావెందుకు?"

"ఏడుపు కాదు, చెమట."

"టెంటు కావాలని నీ మొహమే చెబుతోంది. హాయిగా అదే తెచ్చుకోరాదూ?" అంది అమ్మ.

"పర్మినెంటయ్యాక తెచ్చుకుంటానమ్మా."

అప్పట్నుంచి ఇంట్లో అదే మాట. గలీబు ఎండలో వేశావా, గలీబు మడత పెట్టావా, గలీబు మర్చిపోయేవు సుమా! ఆ అలవాటే నా కొంప ముంచింది.

సాయంత్రానికి కొండ మీదికి చేరాం. మబ్బు దిగింది. మేనేజరు గారు ఒక్కొక్కరి సామాను చూస్తూ వచ్చారు. స్టోర్‌కీపరుది బివీ, టైపిస్టుది బివీ, డ్రైవరుది బివీ. ప్రతి బివీకీ ఆయన ఛాతీ కొంచెం పొంగింది. "నీదేంటయ్యా?" అని నా ముందు ఆగారు.

"నాదీ మీలాంటి గలీబే సార్."

టెంటులోంచి క్యాషియరమ్మ నవ్వు వినిపించింది.

"గలీబా?"

"అంటే సార్... దిండుకి తొడుగుతామే..."

"గలీబంటే నాకు తెలుసయ్యా!"

నా కుర్చీ నా కళ్ళముందే కొండ మీంచి దొర్లుకుంటూ పోయింది.

చీకటి పడుతూనే వాన అందుకుంది. మొదట టైపిస్టు, తర్వాత డ్రైవరు, తర్వాత స్టోర్‌కీపరు టెంటు దగ్గరికి పరిగెత్తారు. "రండి బాబూ, బురద మాత్రం బయటే వదిలి రండి," అన్నారు క్యాషియరమ్మ. ఎలాగూ ఉద్యోగం పోయింది, ప్రాణమన్నా పొడిగా ఉంచుకుందామని నేనూ వెళ్ళాను. ఇద్దరు పట్టే టెంటులో అయిదుగురం. ఒకే గదిలో ఇంటిల్లిపాదితో కలిసి పడుకున్నవాణ్ణి కనక ఎవరి మోకాలు ఎక్కడ పెట్టాలో నేనే సర్దాను.

తెల్లవారేసరికి వాన సన్నబడింది. నీటి మడుగులో ఒకే ఒక్క సంచి మిగిలింది. దగ్గరికెళ్ళి, "సార్?" అన్నాను.

"మేలుకునే ఉన్నాను," అంది సంచి. "నువ్వెక్కడ పడుకున్నావు?"

"టెంటులో సార్. పడుకోలేదు, కూర్చున్నాం. అందరం."

సంచి మడుగులో ఒకసారి అటు నుంచి ఇటు దొర్లింది.

"ఇంకొకరికి చోటుందా?"

"సర్దుకుంటే ఉంటుంది సార్."

"అయితే ఈ గలీబు విప్పు. జిప్ పట్టేసింది."

జిప్ మీద చెయ్యి వేశాను. వేసి, ఆగాను. ఆగాలని ముందుగా అనుకున్నది కాదు, చెయ్యే ఆగింది.

"సార్, సోమవారం సంగతి..."

"పర్మినెంటే! విప్పవయ్యా బాబూ!"

సోమవారం మీటింగులో మేనేజరు గారు లేచి, సిబ్బంది అంతా ఒకే కప్పు కిందికి రావాలన్న తన ఆలోచన కొండ మీద ఫలించిందని చెప్పారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఇంటికొచ్చి కబురంతా చెబితే అమ్మ కుట్టుమిషను ఆపి కళ్ళు తుడుచుకుంది. "మంచిది నాయనా," అంది. "మరి రాత్రంతా గలీబులో నానిన ఆ దిండుని ఎండలో వేశారా?"