యమునకు న్యాయం

మదనపల్లెలో లాయరు అమరావతమ్మ విడాకుల విషయంగా సోమవారం రమ్మన్నదని యమున ఇంట్లో చెప్పిందో లేదో, వాళ్ల చిన్నాయన మునిరాజ ఒక వాట్సాప్ గ్రూపు తెరిచాడు. 'యమునకు న్యాయం' అని పేరు పెట్టాడు. తెల్లారేసరికి, యమునను ఎదురుగా చూస్తే గుర్తుపట్టలేని చుట్టాలు కూడా అందులో చేరి గులాబీల బొమ్మలతో శుభోదయాలు చెప్పుకుంటున్నారు.

యమున కుప్పంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. భర్త భానుప్రకాశ్‌కు పుంగనూరులో డ్రిప్పు పైపుల కొట్టుంది. అతన్ని వదిలి కుప్పంలోనే ఉన్న పుట్టింటికొచ్చి ఏడాది దాటింది. అతను తాగడు, కొట్టడు, పేకాడడు. భార్య చెప్పిన ప్రతి మాటా తల్లికి చెబుతాడు, అంతే. తల్లి ఈశ్వరమ్మ దాన్ని వాళ్ల కుటుంబం గ్రూపులో పెడుతుంది. నెల తప్పిందేమోనని యమున పడకగదిలో గుసగుసగా అంటే, మర్నాడు పెద్దతిప్పసముద్రం నుంచి ఆడబిడ్డ శుభాకాంక్షలు పంపింది. అది నిజం కాదని తేలాక ఓదార్పులూ అక్కడినుంచే వచ్చాయి. "నాతో మాట్లాడింది నీ దగ్గరే పెట్టుకోలేవా?" అని భర్తను అడిగితే, ఆ ప్రశ్న కూడా గ్రూపుకెక్కింది.

ఈ కారణం పుట్టింటివాళ్లకు నచ్చలేదు. ఆదివారం అందరూ నడవలో కూర్చున్నారు.

"ఇంతేనా? లాయరమ్మ నవ్వుతాది. తాగుతాడని సెప్పల్ల" అన్నాడు మునిరాజ.

"తాగడు చిన్నాయనా."

"అయితే ఇంగెవురితోనో తిరుగుతాండాడని సెప్పు."

"కొట్టు ఇడిసి యాడికీ పోడు. పోయినా వాళ్లమ్మకు సెప్పే పోతాడు."

"ఏం మొగుడమ్మా, ఒగ సెడ్డ గుణమైనా ల్యాకపోయె!" అని మునిరాజ విసుక్కున్నాడు.

పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మ మాత్రం నిరాశపడలేదు. ఏడుపు నేర్పే బాధ్యత ఆమె తీసుకుంది. "కూసోంగానే ఏడవగూడదు. నీ పేరు అడిగినప్పుడు కండ్లు నిండల్ల. మొగుని పేరు సెప్పేటప్పుడు జారల్ల" అని తానే చేసి చూపించింది. అది చూసి ఇద్దరు ఆడవాళ్లు నిజంగానే ముక్కు తుడుచుకున్నారు. తర్వాత చీర సంగతి వచ్చింది. కొత్తది కడితే సుఖంగా ఉందనుకుంటారని ఒకరు, పాతది కడితే గతిలేనివాళ్లమనుకుంటారని ఇంకొకరు. చివరికి చేతులెత్తించారు. వెలిసిన నీలం చీర గెలిచింది. దాన్ని యమునకు కట్టించి, దిగులుగా నిలబెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టారు.

ఆ ఫోటోను యమున తన ఫోనులో చూసింది. అత్తగారింటి గ్రూపులో ఆమె మాటలే పడేవి. ఇక్కడ మొహం కూడా పడింది.

సోమవారం అందరూ సుమోలో పోవాలని ఏర్పాటు. యమున ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే చుడీదారు వేసుకుని బస్సెక్కింది.

పుంగనూరు స్టాండులో ఎక్కినవాళ్లలో భానుప్రకాశ్ ఉన్నాడు. నేరుగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనీ బస్సులో వస్తాండానని నీకెవురు సెప్పినారు?"

"మీ గ్రూపులో మా మేనత్త ఉండాది. నువ్వు ఈ బస్సెక్కింది ఎవురో సూసి సెప్తే, మీ చిన్నాయన పెట్టినాడంట."

"మీ అమ్మ పంపిందా?"

"ఊఁ. నిన్ను బతిమాలి ఇంటికి తోడుకోని రమ్మనింది."

బస్సు ఊరు దాటింది. అతను గొంతు తగ్గించాడు. "యమునా, ఒగ మాట సెప్తా. ఎవురికీ సెప్పొద్దు."

అతని నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు.

"నాకూ విడాకులే కావల్ల. నువ్వు మంచిదానివే. నీకూ అమ్మకూ నడమ నేను పోస్టుమ్యాన్నయిపోతి. నువ్వు పోయినంక నా పాటికి నేను పైపులమ్ముకుంటాండా. హాయిగా ఉండాది. ఇది అమ్మకు సెప్పలా."

యమునకు ఒళ్లు మండింది. "నా మాట ఒగటీ దాసలేకపోతివి. నీదైతే ఏడాది దాస్తివే!"

"తప్పే" అన్నాడు తలవంచుకుని.

అతన్ని చూస్తే ఆమెకు కాసేపటికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

ఇద్దరూ కలిసే లాయరు దగ్గరికి పోయారు. యమున జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడుపు రాలేదు. అమరావతమ్మ నవ్వలేదు. "సాలమ్మా. ఇద్దురూ ఒప్పుకోని అడిగితే ఎవురి తప్పూ రుజువు సేసే పనిల్యా" అని కాగితాలు రాయించడం మొదలుపెట్టింది.

పని అయ్యాక ఇద్దరూ ఎదుటి అంగట్లో టీ తాగుతుంటే సుమో వచ్చి ఆగింది. వెంకటలక్ష్మమ్మ దిగుతూనే వాళ్లను చూసి, లాయరు కోసం సిద్ధం చేసుకున్న కన్నీళ్లన్నీ ఆనందంగా కార్చేసింది. మునిరాజ 'కలిసిపోయినారు' అని గ్రూపులో పెట్టాడు. మేనత్త పుణ్యాన అది ఈశ్వరమ్మ గ్రూపులోనూ పడింది. రెండువైపులా లడ్డూల బొమ్మలు కురిశాయి.

"సెప్దామా?" అన్నాడు భానుప్రకాశ్ మెల్లగా.

"అడిగితే సెప్దాం" అంది యమున.

ఎవరూ అడగలేదు. ల్యాబులో సెలవు దొరకలేదని చెప్పి, యమున అత్తగారింటికి పోకుండా కుప్పంలోనే ఉండిపోయింది. వాయిదాలకు ఇద్దరూ ఎవరి బస్సులో వాళ్లు వెళ్లొచ్చారు. కోర్టు విడాకులిచ్చిన రోజు ఇంటికొచ్చి ఆమె ఉన్నమాట చెప్పేసింది.

విడాకులైనందుకు కాదు, ముందుగా తనకు చెప్పనందుకు వెంకటలక్ష్మమ్మకు కోపమొచ్చింది. నెలరోజులు యమునతో మాట్లాడలేదు. ఆ నెలంతా యమున పని నుంచి వచ్చి, అన్నం తిని, హాయిగా నిద్రపోయింది.